కోట్ల చుక్క... సందుగలో చదరం

2023 ఆగస్టు 31. ముంబై బలార్డ్ ఎస్టేట్‌లో కార్యాలయమున్న పుండోల్స్ సంస్థ ఒక చిత్రాన్ని వేలానికి పెట్టింది. దాని పేరు 'జెస్టేషన్'. తల్లి కడుపులో బిడ్డ పెరిగే కాలం అని అర్థం. సయ్యద్ హైదర్ రజా 1989లో వేసిన చిత్రం అది. అందులో తల్లి లేదు, బిడ్డ లేదు, చెట్టూ పుట్టా లేవు. నల్లటి బిందువు, దాన్ని కేంద్రంగా చేసుకుని పేర్చిన వృత్తాలు, త్రికోణాలు, చదరాలు. పాట ముగిసేసరికి కొనుగోలుదారు కట్టాల్సిన ప్రీమియంతో కలిపి 51 కోట్ల 75 లక్షల రూపాయలు పలికింది. ఒక భారతీయ చిత్రానికి వేలంలో అప్పటిదాకా అంత ధర రాలేదు. మూడు వారాలు తిరక్కుండానే ఢిల్లీలో అమృతా షేర్‌గిల్ చిత్రం 61.8 కోట్లతో ఆ రికార్డును దాటేసింది. అయినా జనం నోట్లో నానింది రజా చుక్కే. 'చుక్కకు యాభై కోట్లా?' అని అడగనివాళ్లు లేరు.

ఆ ప్రశ్న నన్నూ అడిగారు. అడిగినవారు కామాటిపురాలో ఉంటారు. బలార్డ్ ఎస్టేట్ నుంచి అక్కడికి దూరం నాలుగైదు కిలోమీటర్లకు మించదు. గ్రాంట్ రోడ్ స్టేషన్ దిగి నడిస్తే, నంబర్లే పేర్లుగా ఉన్న గల్లీలు వరసగా వస్తాయి. ఒక గల్లీలో వరస గదుల పాత చాల్, చెక్క మెట్లు, రెండో అంతస్తులో చివరి గది. ఆ ఇంటి పెద్దమ్మది నల్గొండ వైపు పద్మశాలి కుటుంబం. పెళ్లయి ఈ గదికి వచ్చింది, ఇక్కడే ముసలిదైంది. టీవీలో ఆ చిత్రం చూసిందట.

"చుక్కలు, మూలలే కద బిడ్డా. గసొంటివి మా తాన సందుగల ఉన్నయి" అంది.

మాట వరసకు అన్నదేమో అనుకున్నాను. ఆమె మంచం కింది నుంచి ఇనుప సందుగ లాగింది. పాత చీరల అడుగున మడతపెట్టిన గుడ్డ ఒకటి తీసి నా ఒళ్లో వేసింది. ముందు వాసన తగిలింది. ఎన్నేళ్లయినా వదలని నూనె వాసన. విప్పి మంచం మీద పరిచాను. చదరపు గుడ్డ. ఎరుపు, నలుపు, తెలుపు, అంతకుమించి రంగు లేదు. అంచు చుట్టూ మందమైన పట్టీ. లోపల గళ్లు, గళ్లలో వజ్రాకారాలు, ఒక్కో వజ్రం నడుమ ఒక తెల్ల చుక్క. దగ్గరికి వంగి చూస్తే ఏ గీతా కత్తితో కోసినట్టు లేదు. ఎరుపు కొంచెం తెలుపులోకి చొరబడింది, తెలుపు కొంచెం నలుపులోకి జారింది. అంచుల్లో ఈకల్లాంటి చిన్న చిన్న చీలికలు. అది తేలియా రుమాలు.

"ఎవరు నేశారు పెద్దమ్మా?"

"మా నాయిన."

"ఆయన పేరు?"

ఆమె నవ్వింది. "గుడ్డకు పేరుంటదా బిడ్డా? నేసిండు, ఇచ్చిండు. అంతే."

ఈ కథనం ఆ 'అంతే' దగ్గర మొదలైంది. ఒకే ఊళ్లో ఒక జ్యామితికి యాభై కోట్లు, ఇంకో జ్యామితి మంచం కింద. రెండింటి మధ్య ఉన్న తేడా గీతల్లో లేదని నా నమ్మకం. ఒకదాని మీద పేరుంది, ఇంకోదాని మీద లేదు.

పాట మనకు తెలియనిదా

వేలం అనగానే కోటు వేసుకున్న పెద్దమనుషుల వ్యవహారం అనుకుంటాం కానీ, పాట పాడటం తెలుగువాడికి కొత్త కాదు. ఊరి చెరువులో చేపలకు పాట, చింతచెట్ల కాపుకు పాట, సంతకు పాట. బాలాపూర్ గణేశుడి లడ్డూ పాట 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకు చేరింది. ఆ లడ్డూలో చక్కెర, నెయ్యి ఖర్చెంతో లెక్కవేసి ఎవరూ పాడరు. దాని వెనక ఉన్న నమ్మకాన్ని బట్టి పాడతారు. ఊరందరి ముందు ఒక చేయి లేస్తుంది, దాన్ని మించి ఇంకో చేయి లేస్తుంది.

చిత్రాల పాట కూడా ఇలాగే నడుస్తుంది. తేడా అంతా దానికి ముందు జరిగే రాతపనిలో ఉంది. వేలానికి కొన్ని వారాల ముందే కేటలాగు అచ్చవుతుంది. ప్రతి చిత్రానికీ ఒక లాటు నంబరు. మొదటి వరుసలో చిత్రకారుడి పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. తర్వాత చిత్రం పేరు, వేసిన సంవత్సరం, రంగులు ఏవి, బట్ట మీదా కాగితం మీదా, కొలతలెంత, సంతకం ఎక్కడుంది. ఆ కింద అసలు విషయం. వేసినవాడి దగ్గరి నుంచి ఎవరు కొన్నారు, వారి నుంచి ఎవరి చేతికి వచ్చింది, ఏ ప్రదర్శనలో పెట్టారు, ఏ పుస్తకంలో అచ్చయింది. మన భూమి పత్రాల్లో లింకు డాక్యుమెంట్లు ఎలాగో ఇది అలాగన్నమాట. ఆ గొలుసులో ఒక్క లంకె తెగినా ధర పడిపోతుంది, నకిలీ అనే అనుమానం వస్తే పాటే ఆగిపోతుంది. ఇంత ధర రావచ్చని ఒక అంచనా అచ్చువేస్తారు. ఇంతకు తగ్గితే అమ్మం అని యజమానితో లోపాయికారీగా ఒక కనీస ధర అనుకుంటారు. సుత్తి దెబ్బ పడ్డాక దాని మీద సంస్థ ప్రీమియం, పన్నులు.

అంటే 51 కోట్లలో రంగు ఖరీదు ఎంతో లేదు. గీత ఖరీదు కొంత. ఆ గీత ఎవరిది, ఎప్పటిది, ఎలా వచ్చింది అని నిలబెట్టి చూపగల కాగితాలకే ఎక్కువ భాగం. ఈ మాట చెప్పి నేను రజాను తక్కువ చేయడం లేదు. ఆయన గీత ఊరికే రాలేదు.

బడి గోడ మీద చుక్క

రజా 1922లో మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లా బాబరియాలో పుట్టాడు. అడవి ఊరు, తండ్రి అటవీ శాఖ ఉద్యోగి. బళ్లో ఒకచోట కుదురుగా కూర్చోని పిల్లవాడు. కకైయా బడి పంతులు ఒకరోజు గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నాడు. ఆ చుక్క ఆ పిల్లవాడిని యాభై ఏళ్లు వెంటాడింది. నాగపూర్‌లో చదివి, 1943లో బొంబాయి చేరాడు. పగలు ఎక్స్‌ప్రెస్ బ్లాక్ స్టూడియోలో అచ్చు దిమ్మెల పని, మిగిలిన వేళల్లో బొమ్మలు. 1950లో ప్యారిస్ వెళ్లాడు. అక్కడి పల్లెలు, చర్చిలు, ఇళ్లు వేసి పేరు తెచ్చుకున్నాడు. 1956లో ఫ్రాన్స్ విమర్శకుల బహుమతి వచ్చింది. పేరూ డబ్బూ వచ్చాక, అంతా ఫ్రాన్స్‌దే అయిపోయింది, నాది ఏది అన్న దిగులు పట్టుకుంది. డెబ్బైల చివరికి ఆ బడి గోడ చుక్క దగ్గరికే తిరిగొచ్చాడు. బిందువు, పంచభూతాలు, ప్రకృతి, అంకురం. ఆ తర్వాతి పని అంతా ఆ చుక్క చుట్టూ తిరిగింది. రజా బిందువు చిత్రాలను దగ్గరగా చూస్తే, దూరం నుంచి స్కేలు పెట్టి గీసినట్టున్న అంచు దగ్గర కుంచె ఆగిన చోటు, మళ్లీ మొదలైన చోటు తెలుస్తాయి. 2010 చివర్లో ఢిల్లీకి వచ్చేసి 2016లో అక్కడే కన్నుమూశాడు.

రజాతో కలిసి 1947లో బొంబాయి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు పెట్టిన ఆరుగురిలో ఒకాయన మన గడ్డ మీద పుట్టినవాడని మనలో ఎందరికి తెలుసు? కృష్ణాజీ హౌలాజీ ఆరా. సికింద్రాబాద్ దగ్గర బొల్లారంలో 1914లో పుట్టాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. ఏడేళ్ల వయసులో ఇల్లు వదిలి బొంబాయి రైలెక్కాడు. కార్లు కడిగాడు, దొరల ఇళ్లలో పనిచేశాడు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లాడు. చిత్రకారుడయ్యాక కాలాఘోడాలోని ఆర్టిస్ట్స్ సెంటర్‌ను తన ఇల్లనుకుని కుర్రవాళ్లకు చోటిచ్చాడు. ఆయన వేసినవి పూలకుండీలు, దేహాలు. జ్యామితి జోలికి పోలేదు. అయినా బొల్లారం పిల్లవాడు లేకుండా ఆ గుంపు కథ లేదు. హైదరాబాద్‌లో ఆయన పేరున ఒక వీధి ఉండాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

ఇంకొకరిని చెప్పాలి. చిత్రకారుడు వాసుదేవ్ గాయ్‌తొండే గిర్‌గావ్ చాల్‌లో పెరిగాడు. కామాటిపురా నుంచి గిర్‌గావ్ నడిచి వెళ్లేంత దూరం. చాల్‌లో నీళ్ల పంపు దగ్గర గోల, వరండాల్లో అరుపులు, గోడ అవతలి సంసారం మొత్తం ఈ చెవిన పడుతుంది. అలాంటి చోటు నుంచి వచ్చినవాడు బొమ్మలోంచి మనుషులను, వస్తువులను తీసేసి మౌనాన్ని గీశాడు. 2025 సెప్టెంబరులో ఆయన 1970 నాటి చిత్రం 67.08 కోట్లు పలికింది. ఇరుకు గదిలో పెరిగినవాడికి ఖాళీ విలువ తెలుస్తుంది. 160 చదరపు అడుగుల బీడీడీ చాల్ గదుల్లో మూడు తరాలు గడిపిన మన వర్లీ తెలుగువారికి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

మగ్గానికీ కాన్వాసుకూ చుట్టరికం

రజా బిందువు మగ్గం మీంచి రాలేదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ బొంబాయి నైరూప్య చిత్రకళకూ చేనేతకూ నేరుగా చుట్టరికం ఉంది. 1956లో చేనేత బోర్డు వీవర్స్ సర్వీస్ సెంటర్లు మొదలుపెట్టింది. నేతగాళ్లకు కొత్త డిజైన్లు ఇవ్వడానికి చిత్రకారులను ఉద్యోగాల్లోకి తీసుకుంది. చేనేత కోసం పాటుపడిన పుపుల్ జయకర్ చూపు అది. కె.జి. సుబ్రహ్మణ్యన్, అంబాదాస్, ప్రభాకర్ బర్వే లాంటివాళ్లు ఆ కొలువు చేసినవాళ్లే. బర్వే 1961లో చేరి ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉన్నాడు. ముందు బనారస్, తర్వాత ముంబై. ఉదయం నేతగాళ్ల గ్రాఫు కాగితాలు, సాయంత్రం తన కాన్వాసు. గడియారం, ఆకు, పెట్టె లాంటి వస్తువులను శూన్యంలో తేల్చి నిలబెట్టే ఆయన చిత్రాల్లో ఆ గళ్ల క్రమశిక్షణ నాకు కనబడుతుంది.

ముంబై సెంటర్ ఒపేరా హౌస్ పక్కన ఉంది. అక్కడి నుంచి కామాటిపురాకు నడిచే వెళ్లొచ్చు. ఆ రోజుల్లో ఒక చోట చిత్రకారులు నేత నేర్చుకునేవారు. పక్క పేటలో నేత పుట్టుకతో వచ్చిన తెలుగు పద్మశాలీలు మిల్లు షిఫ్టులకు పోయేవారు. ఈ రెండు దారులు రోజూ ఒకే రోడ్డు దాటి ఉంటాయి.

నస్రీన్ మొహమ్మదీ సంగతి మరీ దగ్గరిది. బొంబాయిలో పనిచేసి బరోడాలో పాఠాలు చెప్పిన ఈమె ఎక్కువగా సిరా, పెన్సిల్ గీతలతోనే మాట్లాడింది. సన్నటి సమాంతర రేఖలు, ఒరిగిన రేఖలు. ఆమె తీసిన ఫొటోల్లో మగ్గం మీద బిగించిన పడుగు దారాలున్నాయి. ఆ ఫొటోను, ఆ గీతలను పక్కపక్కన పెడితే ఏది ఏదో ఒక్క క్షణం తడబడతాం. 1990లో, యాభై మూడేళ్లకే పోయింది. 2016లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తన కొత్త శాఖ మెట్ బ్రూయర్‌ను తెరిచినప్పుడు ఆమె ప్రదర్శన పెట్టింది. పడుగు దారం ముందు ఆగి చూసినవాళ్లను లోకం ఆలస్యంగానైనా గుర్తుపెట్టుకుంది.

యూరప్‌లో కూడా ఇదే కథ. 1922లో జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో చేరిన ఆనీ ఆల్బర్స్‌ను, ఆడపిల్లల్లో ఎక్కువమందిని పంపినట్టే, నేత విభాగానికి పంపారు. ఇష్టం లేకుండా పట్టుకున్న దారంతోనే ఆమె నైరూప్య కళ చేసింది. 1949లో న్యూయార్క్ మోమా మ్యూజియంలో నేత కళాకారులెవరికీ అంతకుముందు దక్కని ఏకవ్యక్తి ప్రదర్శన ఆమెకు దక్కింది. అయినా నేటికీ ధరల అంతరం అలాగే ఉంది. 2022 నవంబరులో డచ్ చిత్రకారుడు మాండ్రియన్ గళ్ల చిత్రం ఒకటి న్యూయార్క్‌లో 5 కోట్ల 10 లక్షల డాలర్లకు పోయింది. నల్ల గీతలు, ఎరుపు, నీలం, పసుపు గళ్లు. లుంగీ గళ్లు నేసే మన పేటల్లో పుట్టినవాడు అది చూసి కొత్తపడడు, ఇంటి వస్తువును చూసినట్టు చూస్తాడు.

మనవాళ్లకు ముగ్గు గుర్తుకు రావచ్చు. చుక్కలు, గీతలు, జ్యామితి అనగానే వాకిలి ముగ్గుతో పోల్చడం సులువు. నేను గుడ్డ దగ్గరే ఆగడానికి కారణముంది. ముగ్గు పొద్దుగూకేసరికి చెరిగిపోతుంది, చెరగడానికే వేస్తారు. గుడ్డ మిగులుతుంది. మిగిలే వస్తువుకు పేరు రాయకపోవడం మన తప్పు.

ఒక గుడ్డ పుట్టుక

పెద్దమ్మ సందుగలోని చదరం ఎలా పుట్టి ఉంటుందో చెప్పాలి.

ముందు నూలును తయారుచేయాలి. ఆముదపు కాయల బూడిద నీళ్లు, నూనె కలిపి ఆ ద్రావణంలో నూలును ముంచి, పిసికి, ఆరబెట్టి, మళ్లీ ముంచి, రోజుల తరబడి ఇదే పని. 'తేల్' అంటే నూనె, తేలియా పేరు అందుకే. ఇలా చేస్తేనే ఎరుపు నూలులోకి దిగి ఉతికినా పోకుండా నిలుస్తుంది. తలకు చుట్టుకుంటే చల్లగా ఉంటుందని సముద్రం మీద పోయేవాళ్లు కొనేవారు. చీరాల నుంచి ఈ గుడ్డలు అరబ్బు దేశాలకు, ఆఫ్రికాకు ఓడలెక్కాయి. తర్వాత ఈ పని నల్గొండ వైపు ఊళ్లకు పాకింది, పుట్టపాకలో నిలబడింది.

ఆ తర్వాత లెక్క. గ్రాఫు కాగితం మీద ఒక్కో గడి కొన్ని దారాల గుత్తికి గుర్తు. ఏ గుత్తి ఎక్కడ తెల్లగా ఉండాలో అక్కడ సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పేలికతో బిగించి కడతారు. దీన్నే చిటికి కట్టడం అంటారు. ఎరుపులో ముంచుతారు. ఆరాక ఎరుపు మిగలాల్సిన చోట కట్టి, నలుపులో ముంచుతారు. కట్లు విప్పితే మూడు రంగులు. నిలువు దారాలైన పడుగుకు ఒకసారి, అడ్డం దారాలైన పేకకు ఒకసారి. రెండూ విడివిడిగా రంగు తాగాయి, మగ్గం మీద కలిసినప్పుడు ఎరుపు మీద ఎరుపు, తెలుపు మీద తెలుపు పడాలి. నేతగాడు నాడె విసిరిన ప్రతిసారీ ఆగి, పేక దారాన్ని ఇటో అటో వెంట్రుకవాసి జరిపి, గుర్తు కలిశాకే అచ్చు కొడతాడు. ఎంత కలిపినా కొంచెం జరుగుతుంది. ఆ జరుగుడే అంచుల్లో కనిపించే ఈకలు. అది నేతగాడి చేతి సంతకం, చదవడం మనకు రాదు కానీ.

పేక నూలును చిటికి కట్టేముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో మేకులు, ఒక పక్క నడిమి మేకు. దారాన్ని నడిమి మేకు నుంచి ఒక్కో మేకు చుట్టూ తిప్పి తేవాలి. ఒక చీరకు చేయి తొమ్మిది వేల సార్లు ఇటూ అటూ ఆడాలి. ఈ పని ఇంటి ఆడవాళ్లది. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి షార్జీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక నేత ఇల్లాలి పేరు ఒక వస్తువు మీదికెక్కిన అరుదైన సందర్భం అది. చేనేతలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి కూడా అదే. పుట్టపాక నుంచి గజం గోవర్ధన (2011), గజం అంజయ్య (2013) కూడా పద్మశ్రీలయ్యారు. పేరు నిలబడితే ఏమవుతుందో ఈ ముగ్గురూ చూపించారు.

కామాటుల పేట

కామాటిపురా అనగానే దేశానికి ఒకే సంగతి గుర్తుకొస్తుంది. ఆ పేరు మాత్రం మన కూలీలది. బొంబాయి దీవుల మధ్య సముద్రాన్ని ఆపే హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట 1784 నాటికి తయారైంది. నీళ్లు తగ్గిన బురద నేల మీద ఊరు కట్టడానికి నిజాం ఏలుబడి లోని తెలంగాణ నుంచి కామాటులు వచ్చారు. రాళ్లు మోశారు, రోడ్లు వేశారు, గోడలు కట్టారు. వారి వెనక పద్మశాలీలు వచ్చి బట్టల మిల్లుల్లో చేరారు. తర్వాత పాలమూరు లేబర్. వర్లీ, లోయర్ పరేల్, ధారావి, భీవండి దాకా తెలుగు పాకింది. ముంబై కార్పొరేషన్ ఎనిమిది భాషల్లో బడులు నడిపితే అందులో తెలుగు ఒకటి.

అంతమంది వచ్చారు కదా, పేర్లెన్ని మిగిలాయి? రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకు బాళాజీ కాలేవార్, జాయా కారాడీ లింగు లాంటి కొందరు తెలుగు కంట్రాక్టర్ల పేర్లు మిగిలాయి. జోతిరావు ఫూలే సత్యశోధక్ సమాజానికి వాళ్లు అండగా నిలబడ్డారు, సమాజం కాగితాల్లో వాళ్ల పేర్లు ఎక్కాయి. కాగితానికెక్కినవాళ్లు ఉన్నారు. రాళ్లు మోసినవాళ్లు గోడల్లో కలిసిపోయారు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో రెండున్నర లక్షల మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. చాలా మిల్లులు ఆ తర్వాత మళ్లీ తెరుచుకోలేదు. పెద్దమ్మ భర్త ఆ సమ్మెలో ఉద్యోగం పోగొట్టుకున్నవాడే. మగ్గం వదిలి మిల్లుకొచ్చాడు, మిల్లు పోయాక వాచ్‌మన్ అయ్యాడు. ఆ మిల్లుల నేలల మీద ఇప్పుడు మాల్‌లు, గాజు మేడలు, వాటి గోడల మీద వేలంలో కొన్న చిత్రాలు.

ధారావిలో 2015లో చిత్రాలు, శిల్పాలతో బియనాలే అనే కళా ప్రదర్శన జరిగింది. ఆ మరుసటి ఏడు చక్రాల బండి మీద ఒక డిజైన్ మ్యూజియం గల్లీ గల్లీ తిరిగింది. కుంభార్‌వాడా కుండలు, చీపుర్లు, ఇక్కడి చేతులు చేసిన వస్తువులే అందులో ప్రదర్శన. చూసినవాళ్లు తమ పని తామే కొత్తగా చూసుకున్నారు. అలాంటి బండి ఒకటి కామాటిపురాకూ, వర్లీ చాళ్లకూ, భీవండి సాంచాల (మరమగ్గాల) మధ్యకూ రావాలి. ధారావి, కామాటిపురా, బీడీడీ చాళ్లు అన్నీ ఇప్పుడు కూల్చి కట్టే వరుసలో ఉన్నాయి. గదులు ఖాళీ చేసేటప్పుడు ముందు పాతసామానులోకి పోయేది మంచం కింది సందుగే.

చట్టానికి గుడ్డ కనబడదు

మన కాపీరైటు చట్టంలో 53ఎ అని ఒక సెక్షన్ ఉంది. 1994 సవరణతో వచ్చింది. చిత్రం, శిల్పం, డ్రాయింగు లాంటివి పదివేలకు మించిన ధరకు మళ్లీ అమ్ముడుపోతే, ఆ ధరలో పది శాతానికి మించకుండా కళాకారుడికో వారసులకో వాటా కోరే హక్కు ఇచ్చింది. ఎంతమంది ఆ వాటా అడిగి తీసుకుంటున్నారన్నది వేరే సంగతి, హక్కయితే ఉంది. ఆ సెక్షన్ పేర్కొన్న వస్తువుల జాబితాలో నేసిన గుడ్డ లేదు. గుడ్డకు ఉన్న రక్షణ భౌగోళిక గుర్తింపు. 2020లో తేలియా రుమాలుకు అది దక్కింది, మంచిదే. కానీ అది ఊరికిచ్చే పేరు, చేతికిచ్చే పేరు కాదు. పెద్దమ్మ నాయిన పేరు అందులో ఉండదు.

చట్టం మారాలి. అది మారేదాకా ఆగకుండా ఇంట్లో చేసుకోగలిగిన పని ఒకటుంది. ముంబైలో గానీ, భీవండిలో గానీ, సూరత్, సోలాపూర్‌లో గానీ ఉన్న తెలుగువాళ్లను చేతులు జోడించి అడుగుతున్నాను. మీ ఇంట్లో అమ్మమ్మ తేలియా రుమాలో, తాత నేసిన చిటికి చీరో ఉంటే ఈ వారమే తీసి చూడండి. నీడలో పరిచి ఫొటో తీయండి. ప్లాస్టిక్ కవర్లో కాకుండా ఉతికిన తెల్లబట్టలో చుట్టండి. ఒక కాగితం మీద నేసినవారి పేరు, ఆసు పోసిన ఆడమనిషి పేరు, ఊరు, ఇంచుమించు ఏడు, మీ ఇంటికి ఎలా వచ్చిందో నాలుగు ముక్కలు రాసి దానితోపాటే పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడగండి. అమ్మడానికని కాదు. వేలం శాలలో చిత్రానికి ఉండే ఆ మొదటి వరుస మన గుడ్డకూ ఉండాలని.

ఇంకో మాట. వేలానికి ముందు చిత్రాలను జనానికి చూపిస్తారు. చూడటానికి కోట్లు అక్కర్లేదు. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లండి. బిందువు ముందు నిలబడ్డప్పుడు 'మనకేం తెలుసు' అని వెనక్కి తగ్గకండి. మీకు తెలుసు.

నేను గది నుంచి బయల్దేరేముందు పెద్దమ్మ తన తండ్రి పేరు చెప్పింది. ఆసు పోసింది వాళ్లమ్మ. ఆమె పేరు గుర్తుచేసుకోవడానికి పెద్దమ్మకు కొంచెం సేపు పట్టింది, ఇంట్లో ఆమెను ఎవరూ పేరుతో పిలవలేదట. రెండు పేర్లూ, ఊరూ తెలుగులో కాగితం మీద రాసి ఇచ్చాను. పెద్దమ్మ దాన్ని రుమాలు మడతలో పెట్టి సందుగ మూసింది.